నీటి అడుగున అడవి

అడవి అనగానే మనకు నేలమీది చెట్లే గుర్తుకు వస్తాయి. కాని సముద్రంలో కూడా అడవులున్నాయి. అమెరికాలో, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రంలో, చల్లని నీటిలో కెల్ప్ అనే నాచు తాటిచెట్టంత ఎత్తు పెరుగుతుంది.

ఇది మన చెరువుల్లోని పాచిలాంటిది కాదు. ఆ రాష్ట్రపు ఉత్తర తీరంలో ఉండే బుల్ కెల్ప్ వసంతంలో మొలిచి, ఒక్క ఏడాదిలోనే వంద అడుగుల దాకా సాగగలదు. దానికి నిజమైన వేళ్ళు లేవు. వేళ్ళలాంటి పట్టుతో బండను కరుచుకుని ఉంటుంది. తీగ కొసన గాలితో నిండిన బుర్ర ఒకటి ఉంటుంది. ఈత నేర్చుకునే పిల్లలను సొరబుర్ర తేల్చినట్టు, ఆ బుర్ర నాచును నిటారుగా నిలబెడుతుంది. ఆ నీడన చేపలూ, పీతలూ, నత్తలూ కాపురముంటాయి.

ఈ అడవికి ఒక శత్రువున్నది. అది సీ అర్చిన్. ఒళ్ళంతా ముళ్ళతో ఉమ్మెత్తకాయలా కనిపించే ఈ జంతువు నాచును కొరికి తింటుంది. అయితే అర్చిన్లను తినే కాపలాదార్లు కూడా ఇద్దరుండేవారు. ఒకటి సముద్రపు నీటికుక్క. ఇది రోజూ తన బరువులో సుమారు నాలుగోవంతు తిండి తింటుంది. రెండవది ఇరవైదాకా చేతులున్న పెద్ద సముద్ర నక్షత్రం.

నీటికుక్క బొచ్చు చాలా ఒత్తుగా ఉంటుంది. ఆ చర్మాల కోసం వేటగాళ్ళు 18, 19 శతాబ్దాలలో వాటిని లక్షల కొద్దీ చంపారు. వేట మానాలని 1911లో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకునే నాటికి కాలిఫోర్నియాలో సుమారు 50 మాత్రమే మిగిలాయి. వాటి సంతతి మధ్య తీరంలో మళ్ళీ పెరిగింది గాని, ఉత్తరాన స్థిరపడలేదు. అక్కడ కాపలా అంతా నక్షత్రాలదే అయింది.

2013లో ఆ నక్షత్రాలకు తెగులు సోకింది. అవి చేతులు ఊడి, ఒళ్ళు కరిగి, కోట్ల కొద్దీ చచ్చాయి. ఇది ఒక బాక్టీరియా పని అని శాస్త్రజ్ఞులు 2025లో వెల్లడించారు.

అంతలో 2014 నుంచి 2016 వరకు సముద్రం బాగా వేడెక్కింది. మనం బొగ్గూ, పెట్రోలూ కాల్చడం వల్ల భూమిమీద పెరిగే వేడిలో నూటికి 90 పాళ్ళకు పైగా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. అందుచేత ఇలాంటి వేడిమి ఇప్పుడు తరచుగా వస్తున్నది. వేడెక్కిన నీటిలో నాచుకు కావలసిన పోషకాలు తక్కువ. నాచు నీరసించింది, అర్చిన్లు లెక్కకు మించి పెరిగాయి. సుమారు 200 మైళ్ళ తీరంలో బుల్ కెల్ప్ నూటికి 90 పాళ్ళకు పైగా మాయమయింది. ఆబలోనీ అనే పెద్ద నత్తలు తిండిలేక చచ్చాయి.

నీటికుక్కలను తెచ్చి వదిలితే సరిపోదా? అక్కడే ఉంది చిక్కు! అర్చిన్ తిండి లేకపోయినా ఏళ్ళ తరబడి బతుకుతుంది. కాని దాని లోపలంతా డొల్ల. మధ్య తీరంలోని మాంటెరే దగ్గర శాస్త్రజ్ఞులు గమనించిందేమంటే, నీటికుక్కలు ఆ డొల్లవాటిని విడిచిపెట్టి, నాచు మిగిలిన చోట బలిసినవాటినే తింటాయి. అంటే, అవి ఉన్న అడవిని కాపాడగలవు గాని, పోయిన అడవిని తిరిగి తేలేవు.

అందుకే ఇప్పుడు గజఈతగాళ్ళు సముద్రంలో మునిగి అర్చిన్లను ఏరి తీస్తున్నారు. అలా ఏరిన కొన్ని చోట్ల నాచు మళ్ళీ తల ఎత్తింది. ఒకప్పుడు నీటికుక్క ఆడుతూ పాడుతూ చేసిన పనిని ఇవాళ మనుషులు కష్టపడి చేయవలసి వస్తున్నది.