పారేసిన అన్నం రెండుసార్లు మీథేన్ వదులుతుంది

2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా వేసింది. దుకాణాలకు, హోటళ్లకు, ఇళ్లకు చేరిన ఆహారంలో ఇది 19 శాతం. అందులో 60 శాతం ఇళ్లలోనే పోయింది. ఇది సంపన్న దేశాల అలవాటు మాత్రమే అనుకోవడానికి లేదు. ధనిక దేశాలకు, మధ్యాదాయ దేశాలకు మధ్య ఇంటి వృథాలో తేడా తలకు ఏడాదికి సుమారు 7 కిలోలే.

పొలం నుంచి దుకాణం దాకా జరిగే నష్టాన్ని కూడా కలిపితే, ప్రపంచం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో (భూమి వేడిని బయటికి పోనివ్వని వాయువులు) 8 నుంచి 10 శాతం ఈ వృథా వల్ల వచ్చేవే.

మెతుకుకూ ఎండకూ సంబంధం ఏమిటి? మనం రోజూ తినే వరి అన్నంతోనే చూద్దాం.

వరి మడిలో నీరు నిలబెడతాం. నీరు నిలిస్తే మట్టిలోకి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడి కుళ్లిన వేర్లను, కొయ్యకాళ్లను తిని మీథేన్ (రంగు, వాసన లేని, మండే వాయువు) పుట్టిస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క కాడ గుండానే పైకి వస్తుంది. ఆ తర్వాత యూరియా, బోరు మోటారు, మిల్లు, లారీ, వంటగ్యాస్ తమ వంతు వాయువులు కలుపుతాయి. గిన్నెలోకి వచ్చేసరికే అన్నం మీద ఇంత ఖర్చు పడి ఉంటుంది.

ఆ అన్నం మిగిలి చెత్తకుప్పకు చేరితే రెండో విడత మొదలవుతుంది. డంపింగ్ యార్డులో దాని మీద మరింత చెత్త పడి అణిగిపోతుంది. లోపల గాలి ఆడదు. మడిలో పనిచేసిన తరహా సూక్ష్మజీవులే ఇక్కడా పని మొదలుపెట్టి మళ్లీ మీథేన్ వదులుతాయి.

ఈ వాయువు మీదే ఇప్పుడు దృష్టి ఎందుకు? 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో నిలిచేది సుమారు 12 ఏళ్లే. కాబట్టి ఈరోజు తగ్గిస్తే ఫలితం మన కాలంలోనే కనిపిస్తుంది. దుకాణాల్లో, ఇళ్లలో తలసరి వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి.

కుళ్లేదాన్ని వాడుకోలేమా? వాడుకోవచ్చు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో అందుకోసం బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. అమ్ముడుపోని కూరగాయలను గాలి చొరని ట్యాంకులో కుళ్లబెట్టి, వచ్చే మీథేన్‌ను పట్టి కరెంటు తీస్తారు. పద్ధతిని రూపొందించింది నగరంలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తుందని లెక్క.

కానీ ఇలా పట్టుకోగలిగేది రెండో విడత వాయువును మాత్రమే. మడిలో వెలువడినది, యూరియా, డీజిల్ వల్ల వచ్చినది ఎప్పుడో గాలిలో కలిసిపోయాయి. అందుకే పనులకు ఒక వరుస ఉంది. మొదట, మిగలకుండా వండటం. మిగిలితే, పాడవకముందే మనుషులకు చేర్చడం. తర్వాత పశువులకు కుడితిగా పోయడం. ఆ తర్వాతే గ్యాసు, ఎరువు.

ఇంట్లో దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. మిగిలిన అన్నం పాడవకముందే పులిహోరో, చద్దన్నమో అయితే చాలు. పెళ్లిళ్లలో ఒకేసారి విస్తరి నింపకుండా, కొద్దిగా వడ్డించి మారు అడగాలి. ఇక రాత్రి ఎసరు పెట్టే ముందు, ఇంటికొచ్చి తినేది ఎందరో ఒక్క మాట కనుక్కుని బియ్యం పోయండి. అన్ని ప్లాంట్ల కంటే ముందు చేయాల్సిన పని అదే.