మల్యాల: ఇనుప పెట్టెలలో దాగిన ఊరి చరిత్ర

మహానగరాల చరిత్రను కోటలు, శాసనాలు చెబుతాయి. చిన్న ఊళ్ల చరిత్రను అక్కడి కుటుంబాలే కాపాడుకోవాలి. జగిత్యాల జిల్లాలో, కొండగట్టు గుట్టలకు చేరువలో ఉన్న మండల కేంద్రం మల్యాల అటువంటి ఊరు. దాని గతం రాజుల గాథలలో కన్నా, ఇళ్లలోని ఇనుప పెట్టెలలోనూ పెద్దల జ్ఞాపకాలలోనూ ఎక్కువగా నిలిచి ఉంది.

పాలనలు మారినా నిలిచిన మాటలు

ఈ ప్రాంతపు ప్రముఖ కట్టడం జగిత్యాల కోట. జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు 1747లో దానిని నిర్మించారు. నిజాముల కాలంలో ఎలగందుల పేరిట ఉన్న జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1978లో వెట్టికీ దొరల పెత్తనానికీ వ్యతిరేకంగా రైతుకూలీలు జగిత్యాలలో కదం తొక్కారు. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లాగా ఏర్పడింది.

హైదరాబాదు రాజ్యంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. అందుకే పహాణీ, సేత్వారు, పట్వారీ, గిర్దావరు వంటి మాటలు మతభేదం లేకుండా ప్రతి రైతు నోటా స్థిరపడ్డాయి. హిందువుల ఇళ్లలోనూ ముస్లిముల ఇళ్లలోనూ పాత భూమి కాగితాలు ఒకే లిపిలో ఉన్నాయి. కానీ తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో చదువుకున్న మనుమలకు తాతల నాటి పట్టా చదవడం రాదు. చదవగలిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

నీరు వచ్చింది, రైలు వచ్చింది

గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న పునాదిరాయి పడింది. దాని వరద కాలువ ఈ మండలం మీదుగా సాగుతుంది. కాళేశ్వరం జలాలను అదే కాలువలో వెనుకకు ఎత్తిపోసేందుకు మండలంలోని రాంపూర్ వద్ద పంప్‌హౌస్ నిర్మించారు. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం 2017లో పూర్తయింది. ఆ మార్గంలో నూకపల్లి–మల్యాల స్టేషను ఉంది.

అయినా వలస ఆగలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా యువకులు సౌదీ, దుబాయి, మస్కట్, కువైట్ బాట పడుతున్నారు. ఇంటి భారం స్త్రీలపై పడింది. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఇక్కడ ఎందరో! వారికి రాష్ట్ర ప్రభుత్వం 2015లో నెలకు 1000 రూపాయల జీవన భృతి ప్రారంభించి, 2019లో దానిని 2016కు పెంచింది.

గల్ఫుకు వెళ్లేవారి కుటుంబాలు కొన్ని విషయాలు తప్పక తెలుసుకోవాలి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందాలి. వారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు లభిస్తాయి. గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, బీమా పత్రాల నకళ్లు ఇంట్లో లేకపోతే ఈ హక్కులు పొందడం కష్టమవుతుంది.

పొరుగే బలం

ఇంటి పెద్ద పరదేశంలో ఉన్న కుటుంబానికి మొదటి బంధువు పొరుగువాడే. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోయేదీ, శవపేటిక వచ్చిననాడు గుమ్మం ముందు నిలిచేదీ అతడే. ఈద్ నాటి షీర్‌ఖుర్మా గిన్నె గోడ దాటి వెళ్లడం వెనుక ఈ పరస్పర ఆధారమే ఉంది. పొరుగువారి హక్కును ధర్మంగా భావించే మనకు ఇది కేవలం ఆచారం కాదు, బాధ్యత.

ఈ బాధ్యతలో ఊరి జ్ఞాపకాన్ని కాపాడటం కూడా ఒక భాగం. ఉర్దూ చదవగల పెద్దల చెంత కూర్చొని పాత కాగితాలను తెలుగులో రాయించుకుందాం. అమ్మమ్మ, నానమ్మల మాటలను ఫోనులోనైనా భద్రపరుద్దాం. పొరుగింటివారి పాత పట్టాను కూడా చదివి పెడదాం. సెలవుపై వచ్చిన తండ్రి తన తొలి ప్రయాణాన్ని పిల్లలకు వివరంగా చెప్పాలి. ఊరు విడిచి వెళ్లక తప్పని పిల్లలకు తమ ఊరు ఏమిటో తెలిసి ఉండాలి.