కోటు లోపలి నారింజరంగు

వస్త్రమును కొనునపుడు మనము రంగును, నాణ్యమును, వెలను విచారింతుము. దాని కుట్టులో నొక కథ దాగియుండునని తలంపము. అట్టి కథ గల యొక పొట్టి కోటును గూర్చి నేడు ముచ్చటించెదను.

దీని పేరు ఎమ్.ఎ.-1. 1950 తరువాతి దశకమున అమెరికా వైమానికదళమువారు తమ విమానచోదకులకై దీనిని కుట్టించిరి. అంతకు ముందటి కోట్లకు బొచ్చుకాలరుండెడిది. అది పారాషూటు పట్టీలకు అడ్డువచ్చుచుండుటచే దానిని తీసివేసి, మేజోడువలె నల్లిన మెత్తని పట్టీని మెడకు అమర్చిరి. చలిగాలి చొరకుండ నడుమునకును మణికట్టులకును అట్టి యల్లికనే వేసిరి. పై బట్ట నైలాను. తేలికైనది, త్వరగా ఆరునది. ఎడమచేతిమీద కలములుంచుకొనుటకు చిన్నజేబు గలదు. ఇందు సొగసుకొఱకు చేసిన దేదియు లేదు. ప్రతిదానికిని ప్రయోజనము కలదు.

అస్తరు సంగతి మఱింత విశేషము. వెలుపల బూడిదఛాయ గల యాకుపచ్చ. 1960 ప్రాంతమునుండి లోపల మండు నారింజరంగు. విమానము కూలి ప్రాణములతో బయటపడినవాడు కోటును తిరగవేసి తొడిగికొన్నచో, వెదకవచ్చినవారికి దూరమునుండియే కానవచ్చును.

ఇక జపానుదేశమునకు పోవుదము. 1945 మార్చి 9, 10 తేదీల నడిమి రాత్రి అమెరికా విమానములు టోక్యోపై నిప్పులు గురియగా సుమారు లక్షమంది మరణించిరి. ఆ టోక్యోలోనే టోయో ఎంటర్‌ప్రైజ్ అను సంస్థవారు 1993లో బజ్ రిక్సన్స్ అను పేరుతో అమెరికా వైమానికుల పాతకోట్లకు ప్రతిరూపములు కుట్టింప నారంభించిరి. ఆ పేరు 1962 నాటి యొక చలనచిత్రములోని బాంబువిమాన చోదకునిది. బట్ట, దారము, జిప్పు, అల్లిక మొదలగు వానినెల్ల పాతవానితో పోల్చి చూచి సిద్ధపఱచుట వీరి పద్ధతి.

వీరి కోటుకు నొక నవలయు తోడైనది. విలియం గిబ్సన్ అను రచయిత 2003లో ప్రకటించిన 'ప్యాటర్న్ రికగ్నిషన్' అను నవలలో కథానాయిక బజ్ రిక్సన్స్ వారి నల్లని ఎమ్.ఎ.-1ను ధరించును. నిజమునకు అట్టి నల్లకోటు అప్పటికి వారియొద్ద లేదు. పాఠకులు దానికై వెదకసాగిరి. అంతట సంస్థవారు రచయిత సమ్మతితో నల్లకోటును గూడ కుట్టించిరి. కల్పనలోని వస్త్రము ఇట్లు అంగడికి వచ్చినది!

యుద్ధవేషము యువతకు వేడుకయగుట తగునా యని యొక తల్లి యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏ విమానములు ఇండ్లను బూడిద చేసినవో, వాని నెక్కినవారి దుస్తులను అలంకారముగా మాత్రమే చూచుట మఱపునకు దారి. కాని నాకు తోచునది యిది: దగ్ధమైన నగరములోని పనివారు ఆ దుస్తులను కుట్టు కుట్టుగా తెలిసికొని తిరిగి నిర్మించుట పగను మించిన పని. వారు కాపాడినది యుద్ధమును కాదు, పనితనమును.

కావున మీ బిడ్డ యెవరైన నిట్టి కోటును కోరినచో వెంటనే వలదనకుడు. దానిని తిరగవేసి లోపలి రంగును చూపుడు. "నన్ను వెదకి రక్షింపుడు" అను ఆర్తనాదమే ఆ నారింజరంగని చెప్పుడు. ఆ మాట తెలిసి తొడిగినవారు యుద్ధమును ఆటగా నెంచజాలరు.