గ్రహాంతర వలసలు - జనాభా గణితము

కంప్యూటరు తెరపై ఆడు క్రీడలలో అంతరిక్ష వ్యూహక్రీడలు ఒక తెగ. ఆటగాడు ఒకే గ్రహముతో ప్రారంభించి, నక్షత్రముల నడుమ తన రాజ్యమును క్రమముగా విస్తరింపజేయవలెను. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1993లో వెలువడిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్'. దానిని పరిచయము చేయుచు ఆలన్ ఎమ్రిక్ అను విమర్శకుడు ఇట్టి ఆటలకు నాలుగు లక్షణములు చెప్పెను: అన్వేషణము, విస్తరణము, వనరుల వినియోగము, శత్రుసంహారము. వీనిలో విస్తరణమునకు చక్కని గణితము ఆధారమై యున్నది.

ఒక గ్రహముపై జనము హెచ్చినకొలది జననములు హెచ్చును; కాని చోటు నిండినకొలది పెరుగుదల మందగించును. జనాభాను గూర్చి బెల్జియము దేశపు గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ 1838లో ప్రతిపాదించిన సూత్రమిదియే. ఓరియన్ ఆటలోను జనాభా ఈ తీరుననే పెరుగును.

100 ప్రమాణముల జనమునకు చోటుగల గ్రహము నొకదానిని తీసికొందము. జనాభాలో పదవ వంతును, ఖాళీగా నున్న భాగముతో గుణింపగా వచ్చునది ఏటి పెరుగుదల యనుకొందము. జనము 20 ఉన్నపుడు పెరుగుదల 1.6, 50 ఉన్నపుడు 2.5, 90 ఉన్నపుడు 0.9 మాత్రమే. అనగా గ్రహము సగము నిండినపుడే పెరుగుదల అత్యధికము.

పొరుగున 40 ప్రమాణములకు చోటుగల గ్రహముపై 2 ప్రమాణముల జనము దిగినదనుకొందము. వారి పెరుగుదల ఏటికి 0.19 మాత్రమే. 90 ప్రమాణములు గల తల్లిగ్రహముతో కలిపి లెక్కించినను మొత్తము 1.09. తల్లిగ్రహమునుండి మరి 18 ప్రమాణములను అచటికి పంపినచో, తల్లిగ్రహమున 2.0, క్రొత్తదాన 1.0, వెరసి 3.0 అగును. జనసంఖ్య మారలేదు, పెరుగుదల మాత్రము సుమారు మూడు రెట్లయినది! నారుమడిలో క్రిక్కిరిసిన నారును తీసి పొలములో నాటు రైతు చేయునదియు ఇట్టి పనియే.

అట్లని విస్తరణము ఉచితముగా లభించునది కాదు. జనము తరలిపోయినచో తల్లిగ్రహమున కర్మాగారములు పనివారు లేక నిలిచిపోవును. కావలి లేని క్రొత్త గ్రహము శత్రువునకు సులభముగా చిక్కును. ఆలసించినచో మంచి గ్రహములను ప్రత్యర్థులే ఆక్రమింతురు. 2016లో వెలువడిన 'స్టెల్లారిస్' ఆటలో రాజ్యము పెద్దదైనకొలది క్రొత్త సాంకేతిక జ్ఞానమును సంపాదించుటకగు వ్యయము కూడ పెరుగును. కనుక ఒక గ్రహము మిగిలిన కాలములో ఇచ్చు ఫలము, దానికై పెట్టిన వ్యయమును మించునా యని చూచుటయే నేర్పు.

వాస్తవములో దూరమే పెద్ద అడ్డంకి. సూర్యునికి అతి సమీప నక్షత్రము ప్రాక్సిమా 4.24 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 వలె సెకనుకు 17 కిలోమీటర్ల వేగముతో పోయినను అచటికి చేరుటకు సుమారు 75 వేల సంవత్సరములు పట్టును. ఆటలో ఈ ప్రయాణము కొలది ఏండ్లలో ముగియును.

అయినను వెర్హుల్స్ట్ సూత్రము ఆటకే పరిమితము కాదు. సీసాలో పెంచిన ఈస్టు కణములు కూడ ఇంచుమించు ఇట్లే వృద్ధిపొందును. విద్యార్థులు 2 ప్రమాణములతో ప్రారంభించి, ఏటేటి జనాభాను గళ్ల కాగితముపై గుర్తించినచో, మొదట మెల్లగా లేచి, నడుమ నిటారై, చివర చదునగు వక్రరేఖ వారి కన్నులయెదుటనే రూపొందును.