మనసులో మేలుకొని ఉండే రెండో భాష

'ఏరు' అనే మాట చెవిన పడగానే తెలుగువారి మనసులో పారే వాగు మెదులుతుంది. ఇదే మాటను కోయ భాష మాట్లాడేవారు వింటే వారికి గుర్తొచ్చేది నీళ్లు. కడవలో నీళ్లయినా, దోసిట్లో నీళ్లయినా వారికి ఏరే. రెండు చోట్లా చెవిని తాకింది మాత్రం ఒకటే. అది గాలిలో పీడనం పెరుగుతూ తగ్గుతూ వచ్చిన ఒక శబ్ద తరంగం. మైక్రోఫోను పెట్టి కొలిస్తే తెరపై ఒకేలాంటి గీత కనిపిస్తుంది. ఆ గీతలో వాగూ లేదు, నీళ్లూ లేవు. అర్థం గాలిలో ప్రయాణించి రాలేదు, విన్నవారి మెదడులో పుట్టింది.

మరి రెండు భాషలూ తెలిసిన మనిషి ఆ మాట వింటే మనసులో ఏం జరుగుతుంది? ఒక అర్థమే వస్తుందా, రెండూ వచ్చి ఒకటి పక్కకు తప్పుకుంటుందా? ఇది చైతన్యం గురించిన ప్రశ్న. మన మెదడులో జరిగే పనిలో మనకు తెలిసేది ఎంత, తెలియకుండా జరిగిపోయేది ఎంత అన్నది ఇందులో దాగి ఉంది.

భేజ్జిలో ఒక రోజు, మూడు నాలుగు భాషలు

ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ దక్షిణ కొసన, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో భేజ్జి ఉంది. ఆ ప్రాంతపు ఇళ్లలో వినిపించేవి గోండీకి దగ్గరి బంధువులైన కోయ, దోర్లీ మాటలు. బస్తర్‌లో చాలా చోట్ల వేర్వేరు సమూహాలవారు సంతలో కలిసినప్పుడు హల్బీ మాట్లాడుకుంటారు. బడి భాష, కార్యాలయాల భాష హిందీ. కోంటా దాటి చింతూరు వైపు వస్తే అంతా తెలుగే. మిరపకోతల కాలంలో కూలికి ఖమ్మం, భద్రాచలం వైపు వచ్చే సుక్మా జిల్లా కుటుంబాలు చేలలోనే తెలుగు నేర్చుకుంటాయి. ఎవరూ పలక పట్టించి నేర్పరు, పరీక్ష పెట్టరు.

భాషా శాస్త్రం ప్రకారం తెలుగు, గోండీ, కోయ, కూయి భాషలు ద్రావిడ కుటుంబంలోని ఒకే శాఖకు చెందినవి. గోండీలో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడుతుంటే తెలుగువారికి సగం అర్థమైపోతుంది. హల్బీ, హిందీ మరో కుటుంబానివి. అంటే ఇక్కడి మనిషి ఒకే రోజులో ఒక భాష నుంచి దాని చుట్టపు భాషకు, అక్కడి నుంచి ఏ చుట్టరికమూ లేని భాషకు మారుతూ ఉంటాడు. అలా మారుతున్నట్టు అతనికి అనిపించను కూడా అనిపించదు.

తలుపు మూసినా లోపల చప్పుడే

ఒక భాష మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోతుందని మనకు అనిపిస్తుంది. ప్రయోగాలు అలా చెప్పడం లేదు.

1999లో మైకేల్ స్పైవీ, వియోరికా మేరియన్ అనే పరిశోధకులు రష్యన్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవారితో ఒక ప్రయోగం చేశారు. బల్లపై కొన్ని వస్తువులు పెట్టి, తపాలా బిళ్లను తీయమని రష్యన్‌లో చెప్పారు. రష్యన్‌లో తపాలా బిళ్లను 'మార్కా' అంటారు. బల్లపై ఒక మార్కర్ పెన్ను కూడా ఉంది. సూచన అంతా రష్యన్‌లోనే ఉన్నా, 'మార్' అన్న శబ్దం వినగానే వారి కళ్లు మార్కర్ వైపు కూడా వెళ్లి వచ్చాయి. ఇంగ్లిష్‌ను ఎవరూ పిలవలేదు, అయినా అది పలికింది.

2007లో వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయానికి చెందిన గీయోమ్ తియెరీ, యాన్ జింగ్ వూ ఇంకాస్త లోతుకు వెళ్లారు. చైనీస్ మాతృభాషగా ఉన్నవారికి ఇంగ్లిష్ పదాల జంటలు ఇచ్చి, వాటి అర్థాలు దగ్గరగా ఉన్నాయో లేదో చెప్పమన్నారు. కొన్ని జంటల్లో ఒక రహస్యం ఉంది. ఆ పదాలను చైనీస్‌లోకి మారిస్తే రెండింట్లోనూ ఒకే అక్షరం వస్తుంది. పాల్గొన్నవారు దీన్ని గమనించలేదు. కానీ వారి తలపై అమర్చిన ఈఈజీ తీగలు నమోదు చేసిన విద్యుత్ సంకేతాల్లో ఆ దాగిన అక్షరం ప్రభావం కనిపించింది. ఇంగ్లిష్ చదువుతూ వారు తమకే తెలియకుండా చైనీస్‌ను తాకి వస్తున్నారన్నమాట.

దీన్నిబట్టి రెండు భాషల మనిషి మాట్లాడే ప్రతిసారీ మెదడు ఒక అదనపు పని చేస్తోందని పరిశోధకులు భావిస్తారు. అవసరమైన మాటను ముందుకు తేవాలి, అవసరం లేనిదాన్ని అదుపులో ఉంచాలి. ఆ తగవు తీరాక గెలిచిన మాట మాత్రమే మన ఎరుకలోకి వస్తుంది. దీనికి కొంత ఖర్చూ ఉంది. మాట నోట్లోనే ఆడుతూ బయటికి రాకపోవడం రెండు భాషలవారిలో కాస్త ఎక్కువని అధ్యయనాలు చూపాయి.

తిట్టు ఏ భాషలో తగులుతుంది?

భాషలు మెదడులో సమానంగా ఉండవు. వాటికి అంటుకున్న అనుభవం వేరు. 2003లో కేథరిన్ హారిస్ బృందం టర్కిష్ మాతృభాషగా ఉండి, తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నవారిని పరీక్షించింది. చిన్నప్పుడు పెద్దలు మందలించే మాటలను రెండు భాషల్లోనూ వినిపించి, చర్మపు విద్యుత్ వాహకతను కొలిచింది. మనసు కదిలినప్పుడు కంటికి కనబడనంత చెమట పుడుతుంది, దాంతో చర్మం గుండా విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. టర్కిష్‌లో మందలింపు విన్నప్పుడు ఆ మార్పు ఎక్కువగా కనిపించింది. అర్థం రెండు భాషల్లోనూ తెలుసు, కానీ ఒళ్లు స్పందించింది అమ్మ నోట విన్న భాషకు.

మనలో చాలామంది ఆఫీసులో ఇంగ్లిష్‌లో 'సారీ' అని ఇట్టే అనేస్తారు. అదే ఇంట్లోవాళ్లతో 'నాదే తప్పు' అని తెలుగులో అనాలంటే గొంతు పట్టేస్తుంది. ఆ తేడా నిఘంటువులో దొరకదు. మాట ఎవరి ఒడిలో, ఏ వయసులో, ఏ భయంతోనో ప్రేమతోనో మనలోకి చేరిందన్న చరిత్ర దానితో పాటే నిల్వ ఉంటుంది.

హైదరాబాద్ ఆసుపత్రిలో దొరికిన ఆధారం

రోజూ రెండు భాషల మధ్య ఈ సర్దుబాటు చేస్తూ బతికితే ముసలితనంలో మెదడుకు మేలు జరుగుతుందా? 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలు పరిశీలించింది. రెండు భాషలవారిలో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తెలిపింది. అయితే ఒక చిక్కుంది. అక్కడి రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. వలస వెళ్లగలిగినవారికి ఆరోగ్యం, ధైర్యం ముందే ఎక్కువేమో? తేడా భాషది కాకపోవచ్చు కదా?

ఈ చిక్కు విప్పడానికి హైదరాబాద్ సరిగ్గా తగిన చోటు. ఇక్కడ ఎక్కడికీ వలస వెళ్లకుండానే తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడేవారు అన్ని తరగతుల్లోనూ ఉంటారు. నిమ్స్ ఆసుపత్రిలో నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించి, 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ఫలితాలు ప్రచురించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు మొదలైన సగటు వయసు 61.1 ఏళ్లు. మిగతావారిలో 65.6 ఏళ్లు. అంటే నాలుగున్నరేళ్ల తేడా.

ఇందులో ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ రోగుల్లో సుమారు 14 శాతం మందికి చదవడం రాదు. వారిలోనూ రెండు భాషలవారికి జబ్బు ఆలస్యంగానే వచ్చింది. కాబట్టి ఇది బడి చదువు ఇచ్చిన బలం మాత్రమే అనడానికి వీల్లేదు. రెండు భాషలకు మించి వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు. 2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు వెల్లడించింది. ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం.

శాస్త్రవేత్తలు దీన్ని 'మేధో నిల్వ' అనే భావనతో వివరిస్తారు. జబ్బు మెదడు కణాలను దెబ్బతీయడం ఆగదు. కానీ ఏళ్ల తరబడి రకరకాల దారుల్లో పని చేసిన మెదడు, ఒక దారి మూసుకుపోతే మరో దారిన పని నడిపించుకుంటుంది. అందువల్ల లక్షణాలు బయటపడటానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఈ వాదన ఇంకా తేలలేదు. ఆసుపత్రికి వచ్చినవారి రికార్డులను వెనక్కి చూసే అధ్యయనాలకు పరిమితులు ఉంటాయి. ఎవరు ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తారన్నది కుటుంబాన్ని బట్టి మారుతుంది. 2017లో లండన్ పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూశారు. ఆరోగ్యవంతులను ముందు నుంచీ ఏళ్ల పాటు గమనించిన వాటిలో, రెండు భాషలవారికి డిమెన్షియా ముప్పు తక్కువని తేలలేదని చెప్పారు. కాబట్టి రెండో భాషను మందుబిళ్లలా సిఫారసు చేయలేం. అయితే హైదరాబాద్ ఫలితాలను తోసిపుచ్చడమూ తేలిక కాదు.

అమ్మ భాష పోతే ఏం పోతుంది?

భేజ్జి ప్రాంతపు పిల్లలకు ఈ చర్చ ముసలితనం గురించి కాదు, రేపటి బడి గురించి. ఒడిశాలో అజిత్ మొహంతి కోంధ్ తెగ పిల్లలపై చేసిన అధ్యయనాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఆ తెగలో కొన్ని ఊళ్లు తమ కూయి భాషను వదిలి ఒడియా ఒక్కటే మాట్లాడుతున్నాయి. కొన్ని ఊళ్లు రెండూ నిలుపుకున్నాయి. తెగ, జీవన విధానం, ఆర్థిక స్థితి దాదాపు ఒకటే, తేడా భాషలో ఉంది. రెండు భాషలు నిలుపుకున్న పిల్లలు ఆలోచనా నైపుణ్యాల పరీక్షల్లోనూ, భాష ఎలా పని చేస్తుందో గ్రహించడంలోనూ మెరుగ్గా కనిపించారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఉన్న భాష మీద మరో భాష చేరడం వేరు, ఉన్నదాన్ని తోసేసి మరోటి కూర్చోవడం వేరు. ఇంట్లో కోయ మాత్రమే విన్న ఆరేళ్ల పాప హిందీ పాఠం ముందు కూర్చుంటే, మొదటి రోజుల్లో ఆమెకు అందేది శబ్ద తరంగమే. దాన్ని అందుకునే అర్థం ఇంకా ఆమె మెదడులో పుట్టలేదు. అర్థం కాని చోట గంటల తరబడి కూర్చోవడం కూడా ఒక అనుభవమే, అదీ మనసులో నిల్వ ఉంటుంది. అలాంటి పాపను చూసి 'చురుకు లేదు' అనుకోవడం తేలిక. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

2005 తర్వాత సల్వా జుడుం కాలంలో దక్షిణ బస్తర్‌లో ఊళ్లు చెదిరిపోయాయి. వేలమంది గోదావరి వైపు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డారు. వారి పిల్లలకు ఇప్పుడు బడి భాష తెలుగు. కొత్త చోట బతకడానికి తెలుగు తప్పదు, మంచిదే. దాని కోసం ఇంటి భాషను మాన్పించాల్సిన అవసరం మాత్రం లేదు. మెదడులో చోటు చాలదేమోనన్న భయానికి ఆధారాలు లేవు.

పెద్దవారి విషయంలోనూ జాగ్రత్త కావాలి. జ్ఞాపకశక్తిని పరీక్షించే ప్రశ్నలు రోగికి సరిగా రాని భాషలో అడిగితే, భాష రాకపోవడం మతిమరుపులా కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఈ అవసరాన్ని గుర్తించి, హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళంలో పరీక్షల సంపుటిని తయారు చేయించింది. ఆ అయిదింటిలో గోండీ గానీ కోయ గానీ లేవు. కాబట్టి భద్రాచలం, కోంటా వైపు ఆసుపత్రికి వచ్చిన కోయ అవ్వకు 'ఈ రోజు ఏ వారం?' అన్న ప్రశ్న వేసేముందు, ఆమె భాష వచ్చిన మనవరాలినో, ఊరి ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆమె మనసు ఎంత పదునుగా ఉందో తెలుసుకోవాలంటే ముందుగా ఆమె మాట వినాలి.