గేర్ సైకిల్ సొంతంగా బిగించుకుంటున్నారా? ముందు వెనక చక్రం సంగతి తేల్చుకోండి

పాత రోడ్ సైకిల్ ఫ్రేమ్ ఒకటి చవకగా దొరికితే చాలు, మిగతా సామాను ఒక్కొక్కటిగా కొని బిగించుకోవచ్చని చాలామంది కుర్రాళ్లు అనుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఈదీ డబ్బులు కూడబెట్టుకున్నవాళ్లయినా, అబ్బాను అడిగి తీసుకునేవాళ్లయినా ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఫ్రేమ్ ఖర్చు ఒక్కసారితో అయిపోతుంది. చైను, పళ్ల చక్రాలు, క్రాంకు, గేర్ మార్చే భాగాలు అలా కాదు. వీటన్నిటినీ కలిపి డ్రైవ్‌ట్రెయిన్ అంటారు. ఇందులో ఒకటి ఇంకోదానికి కుదరకపోతే అదే వస్తువు రెండుసార్లు కొనాల్సి వస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకుంటే, తప్పు పార్టు వాపసు పంపడమే పెద్ద పని.

చాలామంది మొదట గేర్ లివర్లు కొంటారు. కొనాల్సింది అది కాదు. లెక్క వెనక చక్రం నుంచి మొదలు పెట్టాలి.

వెనక చక్రాల్లో రెండు రకాలున్నాయి. పాత రకంలో పళ్ల చక్రాల గుత్తి మొత్తం హబ్ మీద మరలాగా తిరిగి బిగుసుకుంటుంది. దీన్ని ఫ్రీవీల్ అంటారు. 6, 7 గేర్ల చవక సైకిళ్లకు ఎక్కువగా ఇదే ఉంటుంది. రెండో రకంలో గాడులున్న హబ్ మీదకు క్యాసెట్‌ను తొడిగి, పైన రింగుతో బిగిస్తారు. ఏది ఏదో తెలియాలంటే పళ్లను వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో పానా పట్టే గాడులు కూడా పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. కొత్తగా కొనేటప్పుడు క్యాసెట్ హబ్ ఉన్న చక్రమే తీసుకోవాలి. షిమానో తరహా హబ్ మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్లు మూడూ కూర్చుంటాయి కాబట్టి రేపు గేర్లు పెంచుకున్నా చక్రం మార్చే పని ఉండదు. 11 గేర్ల రోడ్ చక్రం సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ఫరవాలేదు, 1.85 మిల్లీమీటర్ల వాషర్ వేస్తే ఇవే క్యాసెట్లు సరిపోతాయి.

అయితే చక్రం కొనే ముందు స్కేలు తీసుకుని ఫ్రేమ్ వెనక రెండు చివరల మధ్య లోపలి దూరం కొలవండి. రిమ్ బ్రేకుల రోడ్ సైకిళ్లకు ఇది ఇప్పుడు 130 మిల్లీమీటర్లు. పాత ఫ్రేములు చాలావాటికి 126 ఉంటుంది. స్టీలు ఫ్రేమ్ అయితే తెలిసిన మిస్త్రీ ఆ కాస్త వెడల్పు చేయగలడు. అల్యూమినియం ఫ్రేమ్‌ను మాత్రం వంచొద్దు, పగులుతుంది.

ఇక గేర్లు ఎన్ని ఉండాలి? షిమానోలో క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 4700 రకం 10 గేర్లవి. తక్కువ డబ్బులో బిగించుకునేవాళ్లకు 8 చాలు. 8 గేర్ల చైనూ, క్యాసెట్టూ ధర తక్కువ. పైగా అదే చైను 6, 7 గేర్ల సైకిళ్లకూ పనిచేస్తుంది కాబట్టి మామూలు గేర్ సైకిళ్లు రిపేరు చేసే షాపులో దొరికే అవకాశం ఎక్కువ. నిర్మల్ దాటాక చైను తెగితే ఈ తేడా విలువ తెలుస్తుంది. దూరం తొక్కేవాళ్లకు 8 చాలదనే మాటా నిజం కాదు. ఆడాక్స్ పద్ధతిలో జరిగే 200 కిలోమీటర్ల రైడ్‌కు గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపే.

గేర్ల సంఖ్య కన్నా అన్నిటికన్నా తేలికైన గేరు ఎంత అనేదే ముఖ్యం. రోడ్ సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు వెళ్తుంది. పాత రేసింగ్ సైకిళ్లలో ముందు 39 పళ్లు, వెనక 25 పళ్లు ఉండేవి. ఆ గేరులో పెడల్ ఒక చుట్టుకు దాదాపు 3.3 మీటర్లు లాగాలి. ముందు 34, వెనక 32 పెట్టుకుంటే అదే చుట్టుకు 2.2 మీటర్లే. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 8 కిలోమీటర్లు సాగుతుంది. మానేరు డ్యామ్ కట్ట దగ్గర ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ పాత రోడ్డు ఎక్కేటప్పుడు మోకాళ్లే చెప్తాయి. బరువు గేరు సంగతికొస్తే, ముందు 50 వెనక 11తో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 51 కిలోమీటర్లు. మనలో ఎంతమంది అంత తొక్కుతారు? అందుకే ముందు 50-34 క్రాంకు, వెనక 11-32 క్యాసెట్ అడగండి. డెరైలర్ ఎన్ని పళ్ల వరకు మోస్తుందో కూడా చూసుకోవాలి. పొట్టి కేజ్ ఉన్న పాతవాటికి 32 ఎక్కకపోవచ్చు.

ఈ సామానులో ఖరీదైనవి బ్రేకుతో కలిసి ఉండే గేర్ లివర్లు. మోసపోయేదీ ఇక్కడే. షిమానో 8, 9 గేర్ల రోడ్ సామానులో కేబుల్ లాగే కొలత ఒకటే, కాబట్టి క్లారిస్ లివర్‌తో సోరా డెరైలర్ నడుస్తుంది. టియాగ్రా 4700తో ఆ కొలత మారింది. దాని డెరైలర్‌ను క్లారిస్ లివర్‌కు తగిలిస్తే గేర్లు సరిగ్గా పడవు. ఎల్‌ట్వూ, సెన్సా లాంటి చైనా కంపెనీల లివర్ కొంటే డెరైలర్ కూడా అదే కంపెనీది, అదే వరుసది తీసుకోవడం మేలు. లివర్లకు డబ్బు చాలకపోతే ఫ్రేమ్ గొట్టం మీద బిగించే పాతకాలం ఫ్రిక్షన్ లివర్లు ఉన్నాయి. ఎన్ని గేర్లకైనా సరిపోతాయి, పాడవడం తక్కువ. కానీ గేర్ మార్చాలంటే హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయాలి. లారీలు తిరిగే రాజీవ్ రహదారి మీద కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది ఇవ్వకపోవడమే మంచిది.

క్రాంకు దగ్గర పొదుపు చేయొచ్చు. పళ్లు సొరచేప రెక్కల్లా వంగిపోకుండా ఉంటే సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చు. లోపలి బీబీ మాత్రం కొత్తది వేయండి. చదరపు యాక్సిల్ ఉన్న సీల్డ్ రకం చవకది, ఏళ్ల తరబడి నడుస్తుంది. మామూలుగా కనిపించే ఇంగ్లిష్ మర ఫ్రేముల్లో చైను వైపు మర ఎదురు తిరుగుతుంది. అలవాటుగా కుడివైపు తిప్పి బలవంతం చేస్తే ఫ్రేమ్ మరే పోతుంది.

చైను ఎప్పుడూ కొత్తదే. గ్రానైట్ లారీల దుమ్ము, సింగరేణి వైపు బొగ్గు పొడి నూనెతో కలిస్తే ఆకురాయిలా అరగదీస్తాయి. వారానికోసారి పాత గుడ్డతో తుడిచి, లింకుకో చుక్క నూనె వేసి, పైకి కారింది తుడిచేస్తే చాలు. అరుగుదల కొలవడానికి ఇంట్లో స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. మిల్లీమీటరున్నర దాటితే చైను మార్చండి. 3 మిల్లీమీటర్లు దాటేదాకా ఆగితే చైనుతోపాటు క్యాసెట్ కూడా కొనాల్సిందే.