మీకు తెలుసా? చిన్న జ్వరమేగా అనుకోకండి!

మీకు తెలుసా? బ్రూక్షాబాద్ ఊరున్న దక్షిణ అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది! అయినా ఎండాకాలం వస్తే నీళ్లకు డ్రమ్ములే దిక్కు. మూత లేని డ్రమ్మా? డెంగ్యూ దోమకు అదే పురిటిల్లు!

దాని గుడ్డు నీళ్లు ఎండినా చావదు! డ్రమ్ము గోడకు అతుక్కుని 6 నెలలైనా ఉండగలదు. నీళ్లు తగలగానే పిల్ల బయటికి!

గర్భిణికేం సంబంధం అంటారా? ఉంది! డెంగ్యూ సోకిన గర్భిణుల మీద వచ్చిన అధ్యయనాలను 2016లో కలిపి చూశారు. గర్భస్రావం ముప్పు వాళ్లలో ఎక్కువగా కనిపించింది! నెల తప్పాక జ్వరమొస్తే సొంత వైద్యం వద్దు సుమా.

గర్భానికి ఇంకో దొంగ కూడా ఉంది. పేరు రుబెల్లా! సన్నని దద్దుర్లు, కాస్త వెచ్చదనం, 3 రోజుల్లో మాయం! "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. కొందరికైతే ఆ దద్దుర్లూ కనిపించవు!

అదే కడుపుతో ఉన్న తొలి రోజుల్లో సోకితే? బిడ్డకు చేరే అవకాశం 90 శాతం! గర్భం నిలవకపోవచ్చు. నిలిచినా బిడ్డ కళ్లకు, చెవులకు, గుండెకు దెబ్బ!

ఈ గుట్టు పట్టింది పురుళ్ల డాక్టరు కాదు! సిడ్నీలో కళ్ల డాక్టరు నార్మన్ గ్రెగ్! పుట్టుకతోనే శుక్లాలున్న పసివాళ్లు వరసగా వస్తున్నారు. తల్లుల్ని కదిపితే, చాలామంది తొలి నెలల్లో ఒంటి మీద దద్దుర్లు వచ్చాయన్నారు! 1941లో 78 మంది పసివాళ్ల లెక్క బయటపెట్టారు. మొదట్లో అందరూ నమ్మలేదు కూడా!

1964-65లో అమెరికాలో రుబెల్లా విరుచుకుపడింది. పోయిన గర్భాలు దాదాపు 11,000!

పార్వోవైరస్ బి19 పేరు విన్నారా? పిల్లల బుగ్గలు చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడేది దీనివల్లే. గర్భిణికి సోకితే గర్భం పోవచ్చు. 1975లో పరీక్షించిన రక్త నమూనాల్లో బి వరసలో 19వ దాంట్లో దొరికింది. అదే పేరైపోయింది!

గర్భం పోతే "బొప్పాయి తిన్నావా, బరువెత్తావా" అని కోడలిని నిలదీసే అత్తగార్లూ, ఇటు వినండి! తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు 50 శాతానికి కారణం క్రోమోజోముల పొరపాటు! ఆ పిల్లది తప్పేం లేదు!

రుబెల్లాకు టీకా ఉంది! కానీ కడుపుతో ఉన్నప్పుడు వేయరు. ముందే వేయించుకుని 1 నెల ఆగాలి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఇంట్లో ఉందా? ఈరోజే డాక్టరును అడగండి. వస్తూ వస్తూ డ్రమ్ము మీద మూత ఉందో లేదో చూడండి!